తాతయ్య బట్టల కొట్టు చిట్టాలో ‘శ్రీం’, ‘స్వామి’: ఇవి మంత్రాలా, లెక్కలా?

తుని_తమలపాకు:
అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మ వాళ్ల నాన్నగారికి తునిలో చిన్న బట్టల కొట్టు ఉండేది. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. కొట్టు మూసేశాక మాకు మిగిలింది ఒక్క పుస్తకం. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి చిట్టా. మొదటి పేజీలో 1963 అని ఉంది. అందులో ప్రతి సరుకు పేరు పక్కన ఒకటో రెండో అక్షరాలు, వాటి పక్కన రూపాయల్లో ఒక అంకె. ఆ అక్షరాలు చూసి మా అమ్మమ్మ అవి మంత్రాలనుకుంది. పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టి, ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేది. అమ్మమ్మ కూడా ఇప్పుడు లేదు. నేను పుణెలో ఉంటున్నాను. పోయిన నెల అమ్మ నా దగ్గరికి వస్తూ పుస్తకం వెంట తెచ్చింది. కొన్ని వరసలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

నేత చీర – శ్రీరా – 18
పంచెల చాపు – శ్రీం – 12
దుప్పటి – మి – 11
ఉప్పాడ చీర – స్వామి – 106
పట్టు చీర – శ్రీసం – 142
పట్టు చీర, రెండో రకం – శ్రీంం – 119
రవికల తాను – నాత్య – 51
లంగా గుడ్డ తాను – సయ – 31
సూటు గుడ్డ – రాణ – 68

ఇది మంత్రమైతే మళ్లీ గూట్లో పెట్టేస్తాను. కాకపోతే ఏమిటో తెలుసుకోవాలని ఉంది. తాతయ్య చేతిరాత మాకు ఇదొక్కటే ఉంది.

దీపారాధన:
అమ్మా, శ్రీం అనేది లక్ష్మీ బీజాక్షరం. వ్యాపారస్తులు పద్దు మొదట శ్రీ రాసుకోవడం, ‘శుభం లాభం’ అని రాయడం మామూలే కదా. మీ అమ్మమ్మగారు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ‘శ్రీంం’ అని పక్కపక్కనే రెండు సున్నలు ఏ మంత్రంలోనూ ఉండవు. పలకడానికి కూడా రాదు. ‘నాత్య’, ‘రాణ’ కూడా నేనెక్కడా వినలేదు. మిగతావాళ్లు ఏమంటారో చూద్దాం. అంతవరకు పుస్తకం గూట్లోనే ఉంచండి.

వీణతీగ:
నాకు చూడగానే కటపయాది గుర్తొచ్చింది, అంటే అంకెల్ని అక్షరాలతో రాసే పాత పద్ధతి. నేను సంగీతం చెబుతాను, 72 మేళకర్తల (మూల రాగాల) సంఖ్యలు పిల్లలకి దానితోనే నేర్పిస్తాను. తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను.

‘క’ నుంచి మొదలుపెట్టి క 1, ఖ 2, గ 3 అంటూ ‘ఝ’ దాకా 9, ‘ఞ’ సున్న. మళ్లీ ‘ట’ నుంచి 1, ‘ధ’ దాకా 9, ‘న’ సున్న. ప, ఫ, బ, భ, మ వరసగా 1 నుంచి 5. య 1, ర 2, ల 3, వ 4, శ 5, ష 6, స 7, హ 8. గుణింతంతో పని లేదు, క అయినా కీ అయినా ఒకటే. వచ్చిన అంకెల్ని వెనకనుంచి చదవాలి. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిప్పితే 29. ఆ రాగం 29వ మేళకర్తే. శంకరాభరణం ముందు ‘ధీర’, కల్యాణి ముందు ‘మేచ’, తోడి ముందు ‘హనుమ’ తగిలించింది ఈ లెక్క కోసమే.

చాలామంది ‘నటభైరవి’ అని రాస్తారు. అది ‘నఠభైరవి’. న సున్న, ఠ 2, తిప్పితే 20. ‘ట’ అని రాస్తే 10 వస్తుంది, ఆ స్థానం నాటకప్రియది. ఒక్క ఒత్తు పోతే రాగం పది మెట్లు కిందికి జారుతుంది. పుస్తకాల్లో ఈ తప్పు కనిపించినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

జంటక్షరాల్లో మాత్రం కొంచెం చిక్కుంది. మామూలుగా చివరి హల్లునే లెక్కపెట్టాలి. చక్రవాకం దగ్గర ఆ నియమం పట్టుకుంటే 26 వస్తుంది. అసలు సంఖ్య 16, అంటే అక్కడ ‘క్ర’లో మొదటి హల్లు ‘క’నే తీసుకున్నారు. మీ పుస్తకంలో శ్రీ, స్వా, త్య ఉన్నాయి కాబట్టి రెండు రకాలుగానూ వేసి చూడండి.

తుని_తమలపాకు:
వీణతీగ గారూ, ధన్యవాదాలు. రాత్రి అమ్మా నేనూ కూర్చుని వేశాం. శ్రీరా అంటే ర 2, ర 2, మొత్తం 22. కానీ పక్కన ఉన్న అంకె 18. శ్రీలో ‘శ’ తీసుకుంటే 5, 2, తిప్పితే 25. స్వామికి 54 వచ్చింది, ‘స’ తీసుకుంటే 57. పక్కన 106 ఉంది. ‘మి’కి 5, పక్కన 11. దేనికీ దేనికీ పొంతన కుదరడం లేదు.

వీణతీగ:
అయితే కటపయాది కాదు. నేను తొందరపడ్డాను, క్షమించండి.

సంత_బేరం:
అక్కా, అవి రహస్య ధరలే, సందేహం అక్కర్లేదు. మా నాన్న పశువుల సంతల్లో దళారి. ఎద్దుల బేరం నోటితో జరగదు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. లోపల ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ యాభైమంది నిలబడి చూస్తున్నా అసలు ధర ఇద్దరికే తెలుస్తుంది. బేరం తెగకపోయినా ఎవరికీ చిన్నతనం ఉండదు, ఎందుకంటే ఎంత అడిగాడో ఎంత కాదన్నాడో మూడోవాడికి తెలియదు. పక్కవాడు ఆ ధర విని తన ఎద్దుల రేటు మార్చే వీలూ ఉండదు. బట్టల కొట్టులో తువ్వాలు కప్పడం కుదరదు కాబట్టి అక్షరాలు పెట్టుకుని ఉంటారు.

పాత_టెలిగ్రాఫ్:
సంత_బేరం చెప్పింది నిజం. నేను తంతి శాఖలో 34 ఏళ్లు పనిచేశాను. పెద్ద వ్యాపారులు ఇచ్చే టెలిగ్రాముల్లో అర్థంపర్థం లేని మాటలు ఉండేవి. మాటకి ఇంత అని డబ్బు కట్టాలి కాబట్టి ఒక్క మాటలో మొత్తం ఆర్డరు ఇమిడ్చేవాళ్లు. రహస్యానికి రహస్యం, పొదుపుకి పొదుపు. పండగలకీ పెళ్లిళ్లకీ మా శాఖే శుభాకాంక్షలకి నంబర్లు ఇచ్చింది. పంపేవాళ్లు నంబరు చెబితే చాలు, అందుకున్నవాళ్లకి పూర్తి వాక్యం వెళ్లేది.

ఇంకొక సంకేతం కూడా ఉండేది, దాన్ని ఎవరూ పుస్తకంలో రాయలేదు. ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’. అది మోర్సులో కొట్టేటప్పుడే మాకు తెలిసేది, చాలాసార్లు ఆ పెద్దాయన అప్పటికే పోయి ఉండేవారు. దూరాన ఉన్న కొడుకు ప్రయాణంలో కుప్పకూలిపోకూడదని ఇంట్లోవాళ్లు అలా రాయించేవాళ్లు. అందుకున్నవాడికీ లోపల తెలుసు, అయినా ‘సీరియస్’ అన్న మాట పట్టుకునే రైలెక్కేవాడు. 2013 జూలైలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ మాటే.

జగిత్యాల_పిల్లడు:
టెలిగ్రాఫ్ సారు రాసింది చదివి మా ఇల్లు యాదికొచ్చింది. మా బాపు పద్నాలుగేండ్లు దుబాయిలో ఉన్నడు. అప్పట్లో ఫోన్ చేస్తే పైసలు మస్తు అయ్యేవి. అందుకని మా ఇంట్లో మిస్డ్ కాల్ భాష ఉండేది. రాత్రి తొమ్మిదింటికి ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే ‘డ్యూటీ నుంచి రూముకొచ్చిన, బాగున్న’ అని అర్థం. రెండుసార్లు చేస్తే ‘పైసలు పంపిన, బ్యాంకుల చూసుకోండి’. మూడుసార్లు వస్తే మేము ఎత్తాలె, అది మాట్లాడే కాల్. ఒక్క పైస ఖర్చు లేకుండా రోజూ బాపు క్షేమం తెలిసేది. ఒకనాడు తొమ్మిదింటికి రింగు రాలేదు. అమ్మ అన్నం తినలేదు, ఫోన్ ముందర కూసున్నది. పదకొండున్నరకి వచ్చింది, ఒక్కటే రింగు. అప్పుడు లేచి పొయ్యి మీద కూర వేడి చేసింది. ఆ ఒక్క రింగు ఇప్పటికీ నా చెవుల ఉంది.

నైట్‌షిఫ్ట్_నెట్‌వర్క్:
అన్నా, మీ మిస్డ్ కాల్ అసలైన కోడ్. నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ భద్రత పనిలో ఉన్నాను కాబట్టి ఒక తేడా చెప్పాలి. కోడ్, సైఫర్ అనే మాటల్ని మనం కలిపేస్తుంటాం. కోడ్‌లో ఒక పూర్తి భావానికి ఒక గుర్తు ఉంటుంది. రెండు రింగులు అంటే పైసలు పంపడం, ఎందుకంటే మీరు అలా అనుకున్నారు, అంతే. సైఫర్‌లో ఒక్కో అక్షరానికో అంకెకో ఇంకో అక్షరం పెడతారు, దానికో పద్ధతి ఉంటుంది. పద్ధతి దొరికితే తాళం చెవి దొరికినట్టే, అంతకుముందు చూడనిది కూడా చదివేయొచ్చు. తుని అక్క పుస్తకంలో ఉన్నది రెండో రకమని నా నమ్మకం.

కోడ్ అన్నంత మాత్రాన రహస్యమే అవ్వాలని కూడా లేదు. విజయవాడ స్టేషన్ కోడ్ బీజెడ్‌ఏ, పాత పేరు బెజవాడ నుంచి వచ్చింది. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్‌లో మొదటి అంకె 5 ఉంటే ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటకల్లో ఏదో ఒకటి. పాన్ కార్డులో నాలుగో అక్షరం ‘పి’ అయితే వ్యక్తి, ‘సి’ అయితే కంపెనీ. ఇవన్నీ దాచడానికి పెట్టినవి కావు, పని తేలిక కావడానికి పెట్టినవి.

అన్నట్టు, సైఫర్ అన్న మాట మూలం మనదే. సంస్కృతంలో శూన్యం, దాన్ని అరబ్బులు ‘సిఫ్ర్’ అన్నారు, యూరప్ వెళ్లేసరికి అది సైఫర్ అయింది. మనం సున్న అంటున్నదీ ఆ శూన్యాన్నే.

దీపారాధన:
నైట్‌షిఫ్ట్ బాబూ, సున్న అన్నారు కాబట్టి అడుగుతున్నాను. తెలుగులో అనుస్వారాన్ని కూడా సున్న అనే అంటాం కదా. ‘శ్రీంం’లో ఆ రెండు సున్నలు...

నైట్‌షిఫ్ట్_నెట్‌వర్క్:
అమ్మా, మీరు పట్టేశారు! అవి పలికే సున్నలు కావు, లెక్కలో సున్నలు అయ్యుండాలి. అందుకే పలకడానికి రావడం లేదు.

పురాణ_కాలక్షేపం:
చర్చ మంచి దారిలో ఉంది. తాళం దొరికేలోగా ఒక విషయం చెబుతాను. పాండవులు వారణావతం బయలుదేరేటప్పుడు విదురుడు ధర్మరాజుతో నలుగురిలోనే మాట్లాడాడు, కానీ ధర్మరాజుకి తప్ప ఎవరికీ అర్థం కాని మ్లేచ్ఛ భాషలో. లోహంతో చెయ్యని ఆయుధం కూడా ఉంటుంది, అడవిని కాల్చేది కన్నంలో ఉన్నవాణ్ణి ఏమీ చెయ్యలేదు, నక్షత్రాలను బట్టి దిక్కులు తెలుసుకోవచ్చు. అంటే లక్క ఇంటికి నిప్పు పెడతారు, సొరంగం తవ్వుకోండి, రాత్రిపూట తప్పించుకోండి అని. ధర్మరాజు ‘అలాగే’ అని ఒక్క మాట అన్నాడు. కుంతికి కూడా అర్థం కాక తర్వాత అడిగింది.

నాకు ఇంకా నచ్చేది ఆ తర్వాతి భాగం. కొన్నాళ్లకి సొరంగం తవ్వేవాడు వచ్చి, విదురుడు పంపాడన్నాడు. నమ్మడం ఎలా? ‘ఆరోజు విదురుడు నీతో మ్లేచ్ఛ భాషలో ఏదో అన్నాడు, నువ్వు అలాగే అన్నావు, నన్ను నమ్మడానికి ఇదే గుర్తు’ అన్నాడు. సందేశం దాచడం ఒక విద్య, సందేశం తెచ్చినవాడు అసలువాడేనని తేల్చుకోవడం ఇంకో విద్య. ఆదిపర్వంలో రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఫోన్‌కి వచ్చే ఓటీపీ చేసే పని ఈ రెండోదే. అందుకే దాన్ని ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు అంతగా చెబుతాయి.

పాఠశాల_గంట:
నేను ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతాను. పిల్లలు నా ముందే ‘క’ భాషలో మాట్లాడుకుంటారు, అక్షరానికో ‘క’ చేర్చి. ‘కరే కపు కసె కల కవు’ అంటే ‘రేపు సెలవు’. నాకు రాదనుకుంటారు. నేనూ చిన్నప్పుడు మాట్లాడినదే కాబట్టి విననట్టు ఉండిపోతాను.

ఒకరోజు వాళ్లకి ఇంకా పాతది నేర్పించాను. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి, అంటే రహస్యంగా రాయడం, మాట్లాడడం. దాని మీద యశోధరుడి వ్యాఖ్యానంలో మూలదేవీయం అని ఒక పద్ధతి ఉంది. అక్షరాల్ని జతలు చేసి ఒకదాని బదులు రెండోది రాయాలి. త బదులు ప, ప బదులు త. న బదులు మ, మ బదులు న. ల బదులు స, స బదులు ల. పిల్లి రాస్తే ‘తిస్సి’ అవుతుంది. తర్వాత ఇంట్లో వాళ్లని ఈ లిపిలో రాయమన్నాను. తాత రాస్తే ‘పాప’ వచ్చింది! పాప రాస్తే ‘తాత’. నాన్న రాస్తే ‘మామ్మ’. క్లాసంతా గంతులే. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, ‘సార్, రాసిందే మళ్లీ ఇంకోసారి మారిస్తే అసలుది వచ్చేస్తోంది, వేరే తాళం అక్కర్లేదు’ అంది. ఆ పద్ధతి కీలకమే అది. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

జగిత్యాల_పిల్లడు:
సార్, తాత పాప అయ్యుడు మా ఇంట్లో అందరికీ చెప్పిన. మా తాత మస్తు సంబరపడ్డడు.

నైట్‌షిఫ్ట్_నెట్‌వర్క్:
పాఠశాల_గంట గారూ, ఇలాంటి జతల లిపికి ఒక బలహీనత ఉంది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ కిందీ అనే పండితుడు దాన్ని రాసిపెట్టాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువ వస్తాయి, కొన్ని తక్కువ. రహస్య లిపిలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే ముసుగు జారిపోతుంది. 1586లో స్కాట్లాండ్ రాణి మేరీ బందీగా ఉండి బీరు పీపాల్లో దాచి పంపిన రహస్య లేఖల్ని ఇంగ్లండ్ వాళ్లు పట్టుకుని విప్పేశారు. విప్పడంతో ఆగలేదు, ఆమె రాసినట్టే అదే లిపిలో చివర రెండు మాటలు చేర్చి, ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌ని చంపే కుట్రలో ఉన్నవాళ్ల పేర్లు రాబట్టాలని చూశారు. 1587 ఫిబ్రవరిలో ఆమె తల తీశారు. తన లిపిని ఎవరూ చదవలేరన్న ధైర్యంతో ఆమె అన్నీ విప్పి రాసింది. అసలు రహస్య లిపే లేకపోతే జాగ్రత్తగా ఉండేదేమో.

గణితం_మాస్టారు:
రెండు రోజులుగా ఈ చర్చ చదువుతూ పక్కన కాగితం పెట్టుకుని కూర్చున్నాను. తుని_తమలపాకు గారూ, ముందు రెండు ప్రశ్నలు. ఒకటి, పుస్తకం మొత్తంలో వేర్వేరు అక్షరాలు ఎన్ని ఉన్నాయి? రెండు, ఆ అంకెలు కొన్న ధరలా, అమ్మిన ధరలా?

తుని_తమలపాకు:
మాస్టారూ, అమ్మా నేనూ పుస్తకమంతా చూశాం. శ్రీ, రా, మి, స్వా, స, నా, త్య, య, ణ, ఇంకా ఆ సున్న. ఇవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పదకొండో గుర్తు లేదు. ‘స’ ఉంది గానీ ‘సి’, ‘సు’ ఎక్కడా లేవు. అంకెల పైన ‘అమ్మకం’ అని చిన్నగా రాసి ఉంది. నేను మొదట చూసుకోలేదు.

గణితం_మాస్టారు:
సరిగ్గా పది గుర్తులు. అంటే ఒక్కో అంకెకి ఒక్కో అక్షరం. అమ్మకం ధర అందరికీ కనబడేలా రాసి, కొన్న ధరని అక్షరాల్లో దాచారు. బేరం వచ్చినప్పుడు గుమాస్తా అక్షరం చూసి ఎంతవరకు తగ్గవచ్చో గ్రహిస్తాడు. ఎదురుగా ఉన్నవాళ్లకి తెలియదు. ఇక లెక్క చూద్దాం.

దీపారాధన గారు అన్నట్టు అనుస్వారం సున్న అనుకుందాం. శ్రీం 12కి అమ్మారు, శ్రీంం 119కి అమ్మారు. శ్రీ ఒకటి అయితే అవి 10, 100. పదికి రెండు లాభం, వందకి పంతొమ్మిది. నూటికి ఇరవైకి కాస్త అటూ ఇటూ. శ్రీ ఒకటే అనడానికి ఇంకో ఆధారం, తొమ్మిది వరసల్లో నాలుగు దానితోనే మొదలయ్యాయి. ఇలాంటి లెక్కల పుస్తకాల్లో మొదటి స్థానంలో 1 రావడం మిగతా అంకెలకంటే ఎక్కువ, దాదాపు 30 శాతం దాకా ఉంటుంది.

ఇప్పుడు శ్రీసం. ఒకటి, ఏదో, సున్న. 142కి అమ్మారు, అదే లాభం వేస్తే 120 దగ్గర. కాబట్టి స అంటే 2. సయ 31కి అమ్మారు, ఇరవైల్లో ఉండాలి, 26 సరిపోతుంది. య అంటే 6. మి ఒంటరిగా ఉండి 11కి అమ్మారు, 9 అవ్వాలి. స్వామి 106కి, 89 వస్తుంది. చివర 9 ఉంది చూడండి, మి అంటే 9 అని ఇందాకే తేల్చాం, రెండూ కలిశాయి. కాబట్టి స్వా 8. శ్రీరా 18కి, అంటే 15, రా అంటే 5. రాణ 68కి, 57, ఇక్కడా మొదట 5 కలిసింది. ణ అంటే 7. మిగిలింది నాత్య, 51కి అమ్మారు, 43. నా 4, త్య 3.

ఈ లాభం ఎంతో కూడా పట్టుకున్నాను. రూపాయికి మూడణాలు (రూపాయికి పదహారు అణాలు కదా). 1957లోనే నయాపైసలు వచ్చినా మీ తాతగారు మనసులో లెక్క అణాల్లోనే వేసుకున్నారు.

ఇప్పుడు మీరూ అమ్మగారూ ఒక పని చేయండి. 1 నుంచి 9 దాకా ఆ అక్షరాల్ని వరసగా రాసి పైకి చదవండి. నేను కావాలనే ఇక్కడ రాయడం లేదు.

తుని_తమలపాకు:
మాస్టారూ,

శ్రీ స త్య నా రా య ణ స్వా మి.

అమ్మ చదువుతూ చదువుతూ ‘నారా’ దగ్గర ఆగిపోయింది, గొంతు పెగల్లేదు. తాతయ్య ప్రతి కార్తీక మాసంలో అన్నవరం వెళ్లేవారు, కొండ మెట్లెక్కి. మా అమ్మ పెళ్లయిన మర్నాడు వ్రతం చేయించింది కూడా ఆయనే. అమ్మమ్మ బొట్టు పెట్టి దండం పెట్టిన పుస్తకంలో నిజంగానే స్వామి ఉన్నాడు.

దీపారాధన:
నాకు కళ్లనీళ్లు వచ్చాయి తల్లీ. మంత్రం కాదని మనం అన్నాం గానీ, రోజంతా ధర చూసినప్పుడల్లా ఆయన మనసులో ఆ పేరు మెదిలేది కదా.

సంత_బేరం:
తొమ్మిది అక్షరాలు, ఒక్కటీ రెండోసారి రాలేదు. అలాంటి పేరు దొరకడం కష్టం. నేను మా ఊరి దేవుళ్లందరి పేర్లూ వేసి చూశాను, ఎక్కడో ఒక అక్షరం తిరిగి వస్తోంది.

నైట్‌షిఫ్ట్_నెట్‌వర్క్:
మాస్టారికి దండం. అక్కా, తాళం చెవిని మరిచిపోలేని చోట దాచడం అంటే ఇదే. రోజూ తలుచుకునే పేరు కాబట్టి ఎక్కడా రాసిపెట్టుకోలేదు, మీకు ఇన్నేళ్లూ దొరకనిదీ అందుకే. కానీ ఇవాళ పాస్‌వర్డ్‌కి మాత్రం ఇష్టదైవం పేరు, పిల్లల పేరు పెట్టొద్దు. కంప్యూటర్ అలాంటి పేర్లన్నీ నిమిషాల్లో వేసి చూడగలదు.

పాఠశాల_గంట:
ఒక సందేహం. తాతగారికీ గుమాస్తాకీ ఇద్దరికీ ఈ తాళం తెలియాలి కదా. మరి ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఫోన్లో రహస్యంగా ఎలా మాట్లాడుకుంటున్నారు? ముందుగా తాళం ఇచ్చిపుచ్చుకోలేదు కదా?

నైట్‌షిఫ్ట్_నెట్‌వర్క్:
చాలా మంచి ప్రశ్న సార్. వందల ఏళ్లపాటు అదే పెద్ద చిక్కు. 1976, 77ల్లో అమెరికాలో కొందరు గణితంతో దారి కనిపెట్టారు. అన్నవరం హుండీనే తీసుకోండి. కానుక ఎవరైనా వెయ్యొచ్చు, తెరవడం మాత్రం దేవస్థానం వాళ్ల వల్లే అవుతుంది. వేసినవాడు కూడా మళ్లీ తీయలేడు. నా ఫోను తన హుండీని లోకానికంతా చూపిస్తుంది, మీరు అందులో సందేశం వేస్తారు. విప్పే తాళం చెవి నా ఫోను దాటి బయటికి రాదు. 2016 నుంచి వాట్సాప్‌లో మాటలన్నీ ఈ దారినే తాళం వేసుకుని వెళుతున్నాయి. మధ్యలో ఎవరు పట్టుకున్నా వాళ్లకి కనబడేది పిచ్చిగీతలే.

గణితం_మాస్టారు:
తుని_తమలపాకు గారూ, ఒక్క చిన్న పని మిగిలింది. పుస్తకమంతా ఇదే తాళంతో విప్పి చూడండి. రూపాయికి మూడణాల లాభం సరిపోని వరసలు ఉంటే నాకు చెప్పండి. నా తాళంలో ఎక్కడైనా తప్పుంటే అక్కడ బయటపడుతుంది.

తుని_తమలపాకు:
మాస్టారూ, నాలుగు రోజులు పట్టింది. 212 వరసలు విప్పాం. అమ్మ చదివింది, నేను రాశాను. పాత సరుకు తగ్గించి అమ్మినవి కొన్ని ఉన్నాయి, వాటి పక్కన తాతయ్యే ‘చిరుగు’, ‘మరక’ అని రాశారు. అవి కాక ఏడు వరసలు మీ లెక్కకి కుదరలేదు. మూడు ఇక్కడ రాస్తున్నాను.

కోరా గుడ్డ – సం – 20
కోరా గుడ్డ – శ్రీస్వా – 18
కోరా గుడ్డ, వెడల్పు – సనా – 24

20కి కొని 20కే, 18కి కొని 18కే, 24కి కొని 24కే అమ్మారు. ఏడూ కోరా గుడ్డలే. మొదట మీ తాళం తప్పేమో అనుకున్నాను. అమ్మకి చూపించాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత చెప్పింది. రాత్రి ఏ వేళప్పుడైనా ఎవరో వచ్చి తలుపు తట్టేవారట. తాతయ్య లాంతరు తీసుకుని వాళ్లతో కొట్టుకి వెళ్లి, కోరా గుడ్డ కొలిచి చించి ఇచ్చి వచ్చేవారట. పోయినవాళ్ల మీద కప్పడానికి. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకునేవారట. డబ్బు సంగతి అమ్మ ఎప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు.